ఓడ ఎందుకు వెనక్కి వాలిపోతోంది?

పెద్ద ఓడని దగ్గర్నుంచి ఫొటో తీసి చూసుకున్నారా ఎప్పుడైనా? కళ్ల ముందు కొండలా నిటారుగా నిలబడ్డ ఓడ, ఫోన్ తెర మీదకి వచ్చేసరికి వెనక్కి వాలిపోయి ఉంటుంది. కింద వెడల్పు, పైన సన్నం. ఎవరో వెనక నుంచి తాడు కట్టి లాగుతున్నట్టు! ‘ఫోన్ మంచిది కాదేమో’ అనుకుని కొత్త మోడల్ ధర వెతకడం మొదలెట్టకండి. లక్ష రూపాయల ఫోన్ అయినా ఇదే చేస్తుంది. తప్పు ఫోన్‌ది కాదు, మనం దాన్ని పైకెత్తిన పద్ధతిది.

నేను విశాఖపట్నం వాణ్ని. ఈ ఊళ్లో పుట్టినవాడికి ఓడలంటే బస్సుల్లాంటివే, ఎప్పుడు చూసినా కనిపిస్తూనే ఉంటాయి. 1933లో ‘జలదుర్గ’ అనే స్టీమరుతో మొదలైన పోర్టు ఇది. డాల్ఫిన్స్ నోస్ కొండ కిందనున్న ఇరుకు కాలువలోంచి ఓ పెద్ద ఓడ లోపలికి వస్తుంటే, ఊరే కదులుతోందా అనిపిస్తుంది. ఆ అనుభూతి ఫొటోలోకి ఎందుకు రాదు అన్న పంతంతోనే నేను ఈ పిచ్చిలో పడ్డాను. ఉద్యోగం వేరే. ఆదివారాలు మాత్రం ఓడలవి.

ముందు అసలు సంగతి. రైలు పట్టాల మధ్య నిలబడి దూరానికి చూస్తే రెండు పట్టాలూ కలిసిపోతున్నట్టు ఉంటుంది కదా. అదే లెక్క నిలువుగా వేసుకోండి. మీ ఫోన్ లోపల సెన్సర్ అని ఒక చిన్న పలక ఉంటుంది. ఆ పలక ఓడ గోడకి సమాంతరంగా ఉన్నంతసేపు నిలువు గీతలు నిలువుగానే పడతాయి. ఓడ పైభాగం ఫ్రేములో పట్టలేదని ఫోన్‌ని కాస్త వెనక్కి వంచగానే, ఓడ పైభాగం దూరమైనట్టు లెక్క. దూరమైనది చిన్నగా కనిపిస్తుంది. అందుకే పైన సన్నబడుతుంది. మన కళ్లూ అదే చూస్తాయి, కానీ మెదడు మనకి చెప్పకుండానే సర్దేస్తుంది. కెమెరాకి ఆ మొహమాటం లేదు.

చాలామంది ఇక్కడ నింద 0.5ఎక్స్ లెన్సు మీద వేస్తారు. సగమే నిజం. ఒకే చోట నిలబడి, ఫోన్‌ని ఒకే కోణంలో వంచి, ఏ లెన్సుతో తీసినా ఓడ అంతే వాలుతుంది. కాకపోతే వైడ్ లెన్సు మనకి దగ్గరకెళ్లే ధైర్యం ఇస్తుంది. దగ్గరకెళ్లాక పైకి వంచక తప్పదు. దానికి తోడు ఆ లెన్సులో అంచుల్లో పడ్డ వస్తువులు సాగిపోతాయి. ఓడ ముక్కు ఫ్రేము మూలన పడిందా, కత్తిలా పొడవైపోతుంది.

కాబట్టి ఎడిటింగ్ కన్నా ముందు కాళ్లకి పని చెప్పాలి. వెనక్కి నడవండి, 2ఎక్స్‌, 3ఎక్స్‌ జూమ్ వాడండి. ఇంకా మంచి మార్గం ఎత్తుకెళ్లడం. దీనికి మా ఊళ్లోనే అచ్చమైన పాఠం జరిగింది. 2020 అక్టోబరులో వాయుగుండం సమయంలో ‘మా’ అనే బంగ్లాదేశ్ సరుకు నౌక కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర తీరంలో చిక్కుకుంది. ఊరు ఊరంతా సెల్ఫీలకి పరిగెత్తింది. కింద ఇసుకలో, రాళ్ల మధ్య నిలబడి తీసినవాళ్ల ఫొటోల్లో ఓడ వెనక్కి ఒరిగిపోయింది. పైన పార్కు గట్టు మీద నిలబడి తీసినవాళ్లకి ఫోన్ పెద్దగా వంచే పనే పడలేదు, డెక్కు, క్యాబిన్లు, అన్నీ చక్కగా నిలబడ్డాయి. అదే ఓడ, అదే రోజు, తేడా అల్లా ఎత్తు.

ఎత్తు దొరకనప్పుడు ఒక చిట్కా ఉంది, డబ్బు ఖర్చు లేనిది. ఫోన్‌ని అసలు వంచకండి. గోడకి అతికించినట్టు నిటారుగా పట్టుకోండి. ఫ్రేములో పై సగంలో ఓడ, కింద సగంలో పనికిరాని నేల, నీళ్లు వస్తాయి. రానివ్వండి. తర్వాత కింద సగం కత్తిరించేయండి. మిగిలిన ఓడలో గీతలన్నీ నిటారుగా ఉంటాయి. భవనాల ఫొటోలు తీసే ప్రొఫెషనల్స్ వాడే షిఫ్ట్ లెన్సు చేసే పని కూడా దాదాపు ఇదే. కానన్ 17 ఎంఎం షిఫ్ట్ లెన్సు లక్ష దాటుతుంది. మనం చేసేది కత్తెర పని. మీ ఫోన్‌లో 50 మెగాపిక్సెల్ మోడ్ ఉంటే ఇలాంటప్పుడే ఆన్ చేయాలి, సగం కోసినా మిగిలింది చాలు. కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్, లెవెల్ ఆన్ చేసుకుంటే ఫోన్ నిటారుగా ఉందో లేదో తెలుస్తుంది.

ఇక ఎడిటింగ్. చేతిలో ఉన్నవాటిలో స్నాప్‌సీడ్ ఉచితం, అందులో ‘పర్‌స్పెక్టివ్’ అనే టూల్ ఉంది. వేలితో పైకీ కిందకీ లాగితే చాలు, గీతలు లేచి నిలబడతాయి. ఐఫోన్‌లో అయితే ఫొటోస్ యాప్‌లోనే క్రాప్ దగ్గర నిలువుకీ అడ్డానికీ విడివిడిగా స్లైడర్లున్నాయి. లైట్‌రూమ్ వాడేవాళ్లకి ‘అప్‌రైట్’ అనే భాగం. అందులో ‘ఆటో’ ఒకటి, ‘గైడెడ్’ ఒకటి. గైడెడ్‌లో మనమే ఫొటో మీద గీతలు గీసి ‘ఇది నిలువు, ఇది అడ్డం’ అని చెప్తాం.

నా మాట వింటే ఓడల విషయంలో ఆటోని నమ్మకండి. ఆటో అనేది బిల్డింగుల కోసం పుట్టింది. అపార్ట్‌మెంట్ ఇస్తే టక్కున నిలబెడుతుంది. ఓడ అపార్ట్‌మెంట్ కాదు. దానికి తిన్నని గీతలు తక్కువ, తిన్నగా ఉన్నట్టు నటించే గీతలు ఎక్కువ. ముక్కు దగ్గర గోడ పైకెళ్తున్నకొద్దీ బయటికి విచ్చుకుంటుంది, అది దాని పుట్టుక. పాత ఓడల్లో డెక్ గీత ముందుకీ వెనక్కీ పైకి వంగి ఉంటుంది, అలలు ఎక్కకుండా. ఆటో ఈ వంపులన్నీ ‘వంకర’ అనుకుని సరిచేయబోతుంది. చివరికి కొండవీటి చాంతాడంత ఓడ అగ్గిపెట్టెలా తయారవుతుంది.

మరి ఏ గీతని నమ్మాలి? వెనకవైపు సిబ్బంది ఉండే తెల్లటి బిల్డింగు ఉంటుంది చూడండి, దాని అంచులు నమ్మదగ్గవి. కంటెయినర్ల దొంతర నమ్మదగ్గది. ఓడ మీద క్రేన్ల స్తంభాలు కూడా పర్వాలేదు. ఓడ పక్కన జెట్టీ మీద లైటు స్తంభం ఉంటే అది ఇంకా నయం. ఎందుకంటే ఓడ నిజంగానే ఓ పక్కకి కాస్త ఒరిగి ఉండొచ్చు, స్తంభం ఒరగదు.

అడ్డగీత దగ్గర మాత్రం చాలామంది బోల్తా పడతారు. ఓడ నీళ్లని తాకే గీతని లెవెల్ చేసేస్తారు. ఓడకి సరిగ్గా ఎదురుగా నిలబడి తీస్తే అది రైటే. కానీ ముక్కు దగ్గర నిలబడి ఏటవాలుగా తీసినప్పుడు ఆ గీత దూరంగా పోతూ ఏటవాలుగానే పడాలి, రైలు పట్టాలాగే. దాన్ని బలవంతాన అడ్డం చేస్తే సముద్రం ఓ పక్కకి ఒలికిపోతుంది. ఏ కోణంలో తీసినా మారకుండా ఉండేది ఒక్కటే, దూరాన సముద్రం, ఆకాశం కలిసే గీత. అది కనబడితే దానికే దండం పెట్టండి.

ఇంకోటి. నిలువు గీతలు సరిచేశాక ఓడ పొడుగ్గానో పొట్టిగానో మారిపోతుంది. సరైన కొలత ఎలా తెలుస్తుంది? ఇక్కడే ఓడలు మనకో స్కేలు మోసుకొస్తాయి. కంటెయినర్! ప్రపంచమంతా దాని కొలత ఒకటే. మామూలు రకం 8 అడుగుల వెడల్పు, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు, పొడవు 20 లేదా 40 అడుగులు. అంటే ఓడకి ఎదురుగా తీసిన ఫొటోలో 40 అడుగుల పెట్టె పొడవు దాని ఎత్తుకి 4.7 రెట్లు ఉండాలి. హై క్యూబ్ అనే ఎత్తు రకమైతే తొమ్మిదిన్నర అడుగులు, కాబట్టి 4.2 రెట్లు. మీ ఎడిట్‌లో మూడున్నర రెట్లే ఉందంటే ఓడని పైకి సాగదీసేశారని అర్థం. లైట్‌రూమ్‌లో ‘ఆస్పెక్ట్’ స్లైడర్ ఉన్నది దీన్ని సర్దడానికే.

బొగ్గు, ఖనిజం మోసే బల్క్ ఓడల మీద కంటెయినర్లుండవు. వాటికి వేరే స్కేలుంది. ముక్కు దగ్గర, మధ్యలో, వెనక, గోడ మీద అంకెలు రాసి ఉంటాయి. ఓడ ఎన్ని మీటర్లు మునిగిందో చెప్పే డ్రాఫ్ట్ మార్కులవి. మీటర్ల లెక్కలో రాసినవైతే ఒక్కో అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు, ఒక అంకె అడుగు నుంచి పై అంకె అడుగుకి 20 సెంటీమీటర్లు. వాలిన ఫొటోలో పైకెళ్లేకొద్దీ ఈ అంకెల మధ్య దూరం తగ్గుతూ పోతుంది. సరిచేశాక, గోడ తిన్నగా ఉండే ఓడ మధ్యభాగంలో, దూరాలన్నీ సమానం కావాలి. జూమ్ చేసి చూసుకోండి. ఇంతకన్నా నిక్కచ్చి పరీక్ష నాకు తెలీదు.

ఈ అంకెల సంగతి నాకు అర్థమయ్యేలా చేసింది యూట్యూబ్ కాదు, మా వీధిలో ఒక పెద్దాయన. నేను మావయ్యా అంటాను. పోర్టులో కళాసీగా చేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గర ఉద్యోగం రోజుల ఫొటో ఒక్కటే ఒకటి ఉంది. 1980ల్లో ఎవరో విదేశీ ఓడ సిబ్బంది తీసి ప్రింటు ఇచ్చాడట. జెట్టీ మీద లుంగీ ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డ కుర్రాడు, వెనక ఆకాశాన్ని ఆనుకున్న ఓడ. తీసినతను కెమెరాని బాగా పైకెత్తాడు, ఓడ మొత్తం వెనక్కి వాలిపోయింది. పిల్లలు ఆయన పుట్టినరోజుకి దాన్ని పెద్దది చేయించి గోడకి పెట్టాలనుకుని ఒక స్టూడియోలో ఇచ్చారు. అక్కడ ఓడని స్తంభంలా నిలబెట్టేసి, ఎర్రరంగు గీతని స్కేలు పెట్టినట్టు లెవెల్ చేసి ఇచ్చారు. చూడ్డానికి నీట్‌గా ఉంది. అత్త మాత్రం చూసి, “ఈ మడిసెవరు?” అంది.

నిజమే. ఓడ నిటారుగా నిలబడింది కానీ మనిషి మారిపోయాడు. ఎందుకో చెప్తాను. వాలిన ఫొటోని సరిచేయడమంటే పైభాగాన్ని వెడల్పుగా సాగదీయడం. ఆ సాగుడు ఓడ ఒక్కదానికే పరిమితం కాదు, ఫొటోలో ఉన్న ప్రతిదానికీ పడుతుంది. మావయ్య తల దగ్గర ఎక్కువ, కాళ్ల దగ్గర తక్కువ. పైగా ఫొటో నిలువునా కూడా సాగింది. దాంతో మొహం కోలగా, తల బరువుగా, కాళ్లు సన్నగా తయారయ్యాయి. ఇరవై ఏళ్ల కుర్రాడి ఫొటో అది. ఆ వయసులో ఆయన ఎలా ఉండేవాడో చెప్పే కాగితం ఇంట్లో ఇంకోటి లేదు.

అప్పుడు అది నా దగ్గరకొచ్చింది. మావయ్య బాధ మనిషి గురించి కూడా కాదు. స్టూడియో ప్రింటు మీద వేలు పెట్టి, “ఇదేటి బాబూ, ఈ ఎర్రగీత ఇలా తిన్నగుందేటి? కాళీ ఓడకి ముక్కు లెగిసే ఉంటాది. అంకెలు సూడు, ఇంకా లోడింగే అవనేదు ఆ రోజు” అన్నాడు. సరుకు లేని ఓడని కావాలనే వెనకవైపు బరువుగా ఉంచుతారు, పంఖా నీళ్లలో మునిగి ఉండాలి కదా. అందుకే ముక్కు పైకి లేస్తుంది. ఎర్రగీత ఓడకి వేసిన రంగు, నీటిమట్టం కాదు. ఓడ ఎటు వంగితే అటు వంగుతుంది. దాన్ని లెవెల్ చేయడమంటే ఖాళీ ఓడని నిండు ఓడని చేసెయ్యడమే. ఆయన నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ పూట పని మొదలవలేదని ఫొటో చూసి చెప్పగలిగాడు. స్టూడియో కంప్యూటర్ ఆ సంగతి తుడిచేసింది.

పాత ప్రింటునే మళ్లీ తీసుకున్నాను. గూగుల్ ఫొటోస్కాన్‌తో కాపీ చేశాను, అది నాలుగైదు షాట్లు కలిపి ప్రింటు మీది మెరుపుని తీసేస్తుంది. అప్పుడు అసలు ప్రశ్న. ఓడనా, మనిషినా? రెండూ పూర్తిగా దక్కవు. లాప్‌టాప్‌లో గింప్ తెరిచి మావయ్యని విడిగా కత్తిరించి, ఓడని సరిచేసి, మళ్లీ ఆయన్ని అతికించొచ్చు. అలా చేసేవాళ్లున్నారు. నాకు మనసొప్పలేదు. ఆయన చెయ్యి ఓడని కట్టిన తాడు మీద ఉంది. ఆయన్ని కోస్తే ఆ తాడు తెగుతుంది, తర్వాత నేను గీసిన తాడు అవుతుంది.

వర్టికల్ స్లైడర్‌ని సగానికి తెచ్చి ఆపాను. ఓడ ఇంకా కాస్త వెనక్కి వాలి ఉంది, కానీ పడిపోతున్నట్టు లేదు, తలెత్తి చూస్తున్నప్పుడు కనబడేంతే ఉంది. ఆస్పెక్ట్ సర్దాను, మావయ్య మొహం కొలతగా పెట్టుకుని. ఎర్రగీత జోలికి పోలేదు. జెట్టీ మీద ఓ లైటు స్తంభం ఉంది, దాన్నే ఆధారం చేసుకున్నాను.

ఈ ‘సగం’ అన్నది ఆయన కోసం పడ్డ రాజీ అనుకోకండి. నా సొంత ఫొటోలకీ ఇప్పుడు ఇదే పద్ధతి. దగ్గర్నుంచి తీసిన ఓడని నూటికి నూరుపాళ్లు నిటారు చేస్తే పైభాగం ముందుకు పడుతున్నట్టు, ఉబ్బినట్టు కనిపిస్తుంది. తలెత్తి చూశామని కంటికి తెలుసు, కాబట్టి కొంత వాలు ఉండాలని ఆశిస్తుంది. కొన్నిసార్లు అసలు ముట్టుకోకూడదు కూడా. 2021 మార్చిలో సూయెజ్ కాలువకి అడ్డంపడ్డ ఎవర్ గివెన్ గుర్తుందిగా? 400 మీటర్ల ఓడ. దాని ముక్కు కింద ఇసుక తవ్వుతున్న ఒక బుల్లి ప్రొక్లెయినర్ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ ఫొటోలో గీతలు సరిగ్గా ఉన్నాయా లేవా అని ఎవరైనా అడిగారా? పక్కన చిన్న వస్తువు పడితే పెద్దది దానంతటదే పెద్దదవుతుంది. అందుకే నేను ఓడ ఒక్కదాన్నే తీయను. ఓ చేపల పడవో, టగ్గో, మనిషో వచ్చేదాకా ఆగుతాను.

వెలుతురు గురించి రెండు ముక్కలు. మా తీరంలో సూర్యుడు సముద్రం వైపు నుంచి లేస్తాడు. పొద్దున్న తీస్తే లంగరేసిన ఓడలన్నీ నల్లటి బొమ్మలే. రంగులు కావాలంటే సాయంత్రం నాలుగు తర్వాత, వెలుతురు మన వీపు మీద నుంచి ఓడ మీద పడుతుంది. ఇసుకలో నిలబడ్డవాడికి సముద్రం అంచు కనబడేది నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే. అంతకన్నా దూరాన ఉన్న ఓడ కింది భాగం భూమి వంపు వెనక దాక్కుంటుంది. వంద మీటర్ల ఎత్తున్న కొండెక్కితే ఆ అంచు ముప్పై అయిదు కిలోమీటర్లకి జరుగుతుంది. కైలాసగిరి ఎందుకెక్కాలో ఇక చెప్పక్కర్లేదు. ప్రాక్టీసుకైతే ఆర్కే బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ చాలు. 91 మీటర్ల పొడవు, కదలదు, 2002 నుంచి మ్యూజియం. కాకపోతే గుండ్రటి ఒళ్లు, గైడెడ్‌లో గీత గీద్దామంటే ఒక్క తిన్నని అంచూ చిక్కదు. చుట్టూ ఉన్న స్తంభాలే దిక్కు.

పోర్టు లోపల, నేవీ ప్రాంతాల్లో మాత్రం అనుమతి లేకుండా ఫోన్ తీయకండి. గోడ మీదుగా ఓ క్లిక్కే కదా అనుకోవద్దు. నిషిద్ధ ప్రాంతాల ఫొటోలకి 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ వర్తిస్తుంది. 2019 చివర్లో గూఢచర్యం కేసు బయటపడ్డాక నేవీ తన స్థావరాల్లో, నౌకల్లో సొంత సిబ్బందికే స్మార్ట్‌ఫోన్లు నిషేధించింది, ఇక మనమెంత? డ్రోన్ ఆలోచన అసలే వద్దు. యుద్ధనౌకలే కావాలంటే డిసెంబరు 4, నేవీ డే వేడుకలు ఎక్కువసార్లు మా ఊళ్లోనే జరిగాయి. జరిగిన ఏడాది నౌకలు వాటంతటవే బీచ్‌కి దగ్గరగా వస్తాయి.

మావయ్య ఫొటో ఇప్పుడు వాళ్ల ముందు గదిలో, టీవీ పైన ఉంది. అత్త చూసి “ఆ, ఈడే” అని వంటింట్లోకి వెళ్లిపోయింది. మావయ్య కళ్లజోడు పెట్టుకుని ముక్కు దగ్గర అంకెలు ఒక్కొక్కటే చదువుకున్నాడు. మర్నాడు సాయంత్రం ఆయనతో పనిచేసిన ఇంకో ముసలాయన మా గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఓ పాత ప్రింటుతో. అందులో ఓడ అయితే పక్కకి కూడా ఒరిగి ఉంది.